షుగరున్న కార్మికుడు ఏటా అడగవలసిన రెండు పరీక్షలు

సోలాపూర్ మిల్లు, పవర్‌లూమ్ కార్మికుల సర్వసభ్య సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం



పగారు గురించి, బోనస్ గురించి, బదిలీ కార్మికుల పర్మనెంటు గురించి మన అధ్యక్షులవారు వివరంగా చెప్పారు. మాకు అప్పగించిన అంశం వేరు. షుగరున్నవారి కిడ్నీల సంగతి, ఆ కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్త పరీక్షల సంగతి మేము మాట్లాడాలి. డాక్టరు చెప్పవలసిన మాట యూనియన్ వాళ్లు ఎందుకు చెబుతున్నారని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది.

మన తాతలు తెలంగాణ జిల్లాల నుంచి ఈ ఊరికి వచ్చి మిల్లుల్లో చేరారు. ఆ పెద్ద మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. మిల్లు పోయినవాడు టవల్ సాంచె మీదకో, చద్దరు కార్ఖానాకో వెళ్లి ఎలాగో నిలదొక్కుకున్నాడు. కానీ కిడ్నీలు బంద్ పడినవాడికి మళ్లీ పాళీ దొరకదు. వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్ మంచం మీద నాలుగేసి గంటలు పడుకోవాలి. ఆ మనిషి ఏ యజమానికీ పనికిరాడు. ఇంట్లో ఉన్న బంగారం, పిల్లల చదువు అన్నీ అక్కడికే పోతాయి. మన ఆఫీసుకు సహాయం కోసం వచ్చే దరఖాస్తుల్లో డయాలిసిస్ అన్న మాట ఇప్పుడు తరచు కనబడుతోంది. వాళ్ల కాగితాలు తిరగేసి చూస్తే, చాలామంది ఫైళ్లలో జబ్బు ముందే కనబడుతోంది. కనబడినా అది ఇదీ అని చదివి చెప్పినవారు లేరు. అందుకే ఈ ప్రసంగం.

చెప్పదలచింది ఒక్కటే మాట. షుగరున్న ప్రతి మనిషీ ఏడాదికి ఒకసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ ఈ రెండూ చూపించుకోవాలి. ఆ కాగితాలు పారేయకుండా వరుసగా దాచుకోవాలి. మిగిలినదంతా ఈ మాటకు వివరణే.

కిడ్నీ నొప్పి చెప్పదు

సాంచె మీద పేక పోగు తెగితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ఫోర్కుకు పోగు తగలదు, సాంచె ఆగుతుంది, మనం పోగు ముడివేసి మళ్లీ నడిపిస్తాం. కిడ్నీకి అలాంటి ఫోర్కు లేదు. సగం పోగులు తెగినా అది నడుస్తూనే ఉంటుంది. మూత్రం వస్తూనే ఉంటుంది. నొప్పి ఉండదు. కాళ్ల వాపు, ముఖం ఉబ్బడం, ఆయాసం, వాంతులు వచ్చేసరికి సాధారణంగా చాలా భాగం పోయి ఉంటుంది. కాబట్టి "మాకేం బాధ లేదు, మూత్రం బాగానే వస్తోంది" అన్నది లెక్కలోకి రాదు.

ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల సన్నటి జల్లెడలు ఉంటాయి. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల నీటిని రక్తం నుంచి వడకడతాయి. అందులో పనికొచ్చేదంతా మళ్లీ రక్తంలోకి లాక్కుని, ఒకటి రెండు లీటర్లు మాత్రం మూత్రంగా బయటికి పంపుతాయి. షుగరు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే, దానికి బీపీ తోడైతే, ఈ జల్లెడల మీద ఒత్తిడి పెరుగుతుంది. మొదట జల్లెడ కన్నాలు వదులై రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీను మూత్రంలోకి జారుతుంది. తర్వాత జల్లెడలు గట్టిపడి ఒకటొకటిగా మూసుకుపోతాయి. మూసుకుపోయినది తిరిగి తెరుచుకోదు. మిగిలినవాటిని కాపాడుకోవడమే మన చేతిలో ఉన్నది.

2023లో అచ్చయిన ఐసీఎంఆర్ సర్వే లెక్క ప్రకారం మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు ఉంది. పెద్దవయసులో వచ్చే రెండో రకం షుగరున్నవారిలో పదిమందికి సుమారు ముగ్గురు నలుగురికి ఎప్పుడో ఒకప్పుడు కిడ్నీ దెబ్బతింటుంది. అంటే ఈ హాల్లో కూర్చున్న మనలో ఎవరైనా కావచ్చు.

క్రియాటినిన్ అంటే ఏమిటి?

మన కండరాలు పనిచేస్తున్నప్పుడు తయారయ్యే ఒక వ్యర్థ పదార్థం క్రియాటినిన్. కండ ఉన్నంతకాలం అది రోజూ దాదాపు ఒకే మోతాదులో రక్తంలోకి వస్తుంది. కిడ్నీలు దాన్ని బయటికి పంపుతాయి. కిడ్నీలు మందగిస్తే అది రక్తంలో పేరుకుంటుంది. కార్ఖానాలో దూది పొట్టు లాగే గాలిమర ఆగితే పొట్టు పేరుకున్నట్టే. పేరుకున్న మోతాదు చూసి గాలిమర ఎంత పనిచేస్తోందో అంచనా కడతాం.

ఈ పరీక్ష కొత్తది కాదు. 1886లో జర్మనీలో మాక్స్ యాఫే అనే శాస్త్రవేత్త పిక్రిక్ ఆమ్లంతో క్రియాటినిన్ కలిస్తే నారింజ ఎరుపు రంగు వస్తుందని కనుగొన్నాడు. అద్దకం పని తెలిసినవారికి ఇంకో సంగతి. ఆ పిక్రిక్ ఆమ్లంతోనే ఒకప్పుడు పట్టుకు పసుపు రంగు వేసేవారు. రంగు ఎంత చిక్కగా ఉంటే క్రియాటినిన్ అంత ఎక్కువ. ఈనాటికీ చాలా ల్యాబుల్లో ఆ పద్ధతే నడుస్తోంది. ఖర్చు తక్కువ.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. ల్యాబు కాగితం మీద మగవారికి 0.7 నుంచి 1.3 దాకా, ఆడవారికి 0.6 నుంచి 1.1 దాకా నార్మల్ అని రాసి ఉంటుంది. ల్యాబును బట్టి కాస్త అటూ ఇటూ. ఆ గీతల మధ్య అంకె ఉంటే "నార్మలే, వెళ్లండి" అంటారు. మనమూ సంతోషంగా వచ్చేస్తాం. కానీ క్రియాటినిన్ కండను బట్టి తయారవుతుంది. బరువులెత్తే ముప్పై ఏళ్ల కుర్రవాడికీ, కండెలు చుట్టే అరవై ఏళ్ల అక్కకూ కండ ఒకటేనా? కాదు. కాబట్టి ఇద్దరికీ ఒకే అంకె వస్తే దాని అర్థం ఒకటి కాదు.

అందుకే డాక్టర్లు క్రియాటినిన్‌కు వయసు, ఆడ మగ తేడా కలిపి ఇంకో లెక్క కడతారు. దాని పేరు ఈ-జీఎఫ్ఆర్. కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడకడుతున్నాయో చెప్పే అంచనా అది. 2021లో సవరించిన సూత్రం ప్రకారం మేము లెక్క కట్టించి తెచ్చాం. క్రియాటినిన్ ఇద్దరికీ 1.2 అనుకోండి. ముప్పై ఏళ్ల మగమనిషికి ఈ-జీఎఫ్ఆర్ సుమారు 83 వస్తుంది. అరవై ఏళ్ల ఆడమనిషికి అదే 1.2కు సుమారు 52 మాత్రమే వస్తుంది. అతనికి ఆ అంకెతో పెద్ద భయం లేదు. ఆమెకు అది గట్టి హెచ్చరిక. మన అక్కచెల్లెళ్ల జబ్బు ఆలస్యంగా బయటపడడానికి ఇదొక కారణం. కాబట్టి ల్యాబులో క్రియాటినిన్ రాయించుకున్నప్పుడు "ఈ-జీఎఫ్ఆర్ కూడా రాయండి" అని అడగండి. దానికి వేరే రక్తం తీయనక్కర్లేదు. లెక్క కట్టడమే.

ఆ అంకెను చదివే పద్ధతి ఇది. 90, ఆ పైన ఉంటే వడపోత బాగున్నట్టు. 60 నుంచి 89 దాకా కాస్త తగ్గినట్టు. వయసుతో కొంత తగ్గడం మామూలే. 60 కంటే తక్కువై మూడు నెలలు దాటినా అలాగే ఉంటే అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. 30 కంటే తగ్గితే కిడ్నీ డాక్టరు చేతిలో ఉండాలి. 15 కంటే తగ్గితే డయాలిసిస్ గురించో, కిడ్నీ మార్పిడి గురించో మాట్లాడవలసిన స్థితి.

రెండో పరీక్ష మూత్రంలో

రక్త పరీక్ష ఒక్కటే చాలదా అని అడుగుతారు. చాలదు. ఇందాక చెప్పాం, షుగరున్నవారిలో చాలామందికి మొదట జల్లెడ వదులవుతుంది, తర్వాత మూసుకుపోతుంది. వదులైన కాలంలో క్రియాటినిన్ మామూలుగానే ఉంటుంది. మూత్రంలో ఆల్బుమిన్ మాత్రం పోతూ ఉంటుంది. ఆ దశలో పట్టుకుంటే కాపాడుకోవడానికి ఏళ్ల వ్యవధి దొరుకుతుంది.

ఈ పరీక్షను ఆల్బుమిన్ క్రియాటినిన్ నిష్పత్తి అంటారు. పొద్దున లేచి పోసిన మొదటి మూత్రం చిన్న సీసాలో ఇస్తే మేలు. 30 కంటే తక్కువ వస్తే మంచిది. 30 నుంచి 300 దాకా వస్తే జల్లెడ వదులైంది. 300 దాటితే ఎక్కువగా దెబ్బతింది. మామూలు దవాఖానాల్లో కాగితపు పట్టీ ముంచి "ప్రొటీను నిల్" అని రాస్తారు. ఆ పట్టీకి ఎక్కువ మోతాదే కనబడుతుంది, తొలిదశ దొరకదు. నిల్ అన్నారని నిశ్చింతగా ఉండకండి.

మూత్ర పరీక్ష ఒక్కటే చాలదా అంటే అదీ చాలదు. షుగరున్నవారిలో కొందరికి ఆల్బుమిన్ పోకుండానే వడపోత తగ్గిపోతుంది. మన తెలుగునాట శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు మీరందరూ విన్నారు. అక్కడి జబ్బు షుగరు వల్ల వచ్చేది కాదు, దాని కారణం మీద ఇంకా పరిశోధన సాగుతోంది. కానీ ఒక పాఠం మాత్రం మనకూ పనికొస్తుంది. అక్కడ చాలామందికి మూత్రంలో ప్రొటీను పెద్దగా పోదు, బీపీ కూడా మొదట్లో పెరగదు, క్రియాటినిన్ మాత్రం పెరుగుతూ పోతుంది. ఒక పరీక్షకు దొరకనిది ఇంకో పరీక్షకు దొరుకుతుంది. అందుకే రెండూ కావాలంటున్నాం.

ఎప్పటి నుంచి? రెండో రకం షుగరు బయటపడిన రోజు నుంచే. ఎందుకంటే అది బయటపడేనాటికి ఎన్నేళ్లుగా ఒంట్లో ఉందో ఎవరికీ తెలియదు. ఎన్నిసార్లు? అంతా బాగుంటే ఏడాదికి ఒకసారి. ఈ-జీఎఫ్ఆర్ 60 కంటే తగ్గినా, ఆల్బుమిన్ 30 దాటినా, డాక్టరు చెప్పిన ప్రకారం ఇంకా తరచుగా.

కాగితం మీద మిగతా అంకెలు

బ్లడ్ యూరియా అని ఒకటి రాస్తారు. అదీ కిడ్నీ సంగతి చెబుతుంది కానీ, నీళ్లు తక్కువ తాగినా, మాంసం ఎక్కువ తిన్నా, కడుపులో రక్తం కారినా పెరుగుతుంది. యూరియా ఒక్కటే చూసి బెంబేలు పడకండి, ధైర్యపడకండి.

పొటాషియం 3.5 నుంచి 5 దాకా ఉండాలి. కిడ్నీలు మందగిస్తే అది పెరుగుతుంది. బాగా పెరిగితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. కొన్ని బీపీ మాత్రలు వాడేవారికి ఇది చూడడం ముఖ్యం.

హిమోగ్లోబిన్ తగ్గడానికి కూడా కిడ్నీ కారణం కావచ్చు. ఎర్ర రక్తకణాలు తయారుచేయమని ఎముక మజ్జకు కబురు పంపే హార్మోను కిడ్నీలోనే పుడుతుంది. కిడ్నీ బాగా దెబ్బతిని రక్తహీనత వచ్చినప్పుడు మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బి ఏ1సి అంకె కూడా సరిగా ఉండకపోవచ్చు. "షుగరు తగ్గిపోయింది, మాత్రలు మానేద్దాం" అని అప్పుడు తొందరపడకూడదు.

సిస్టాటిన్ సి అని ఇంకో రక్త పరీక్ష ఉంది. ఇది కండ మీద అంతగా ఆధారపడదు. బాగా సన్నబడినవారికి, కాలు తీసేసినవారికి క్రియాటినిన్ తక్కువగా తయారవుతుంది కాబట్టి కిడ్నీ ఉన్నదానికంటే బాగున్నట్టు కాగితం చెబుతుంది. అలాంటివారికి డాక్టరు అవసరమనుకుంటే ఈ పరీక్ష రాస్తారు. ఖర్చు ఎక్కువ. అందరికీ అక్కర్లేదు.

పరీక్షకు ముందు

అంకె తప్పుదారి పట్టించకుండా కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. పరీక్షకు ముందు రాత్రి మటన్ భోజనం పెట్టుకోకండి, క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది. రాత్రి పాళీ దిగి, చెమటలో తడిసి, నీళ్లు తాగకుండా నేరుగా ల్యాబుకు పోకండి. జ్వరం ఉన్నప్పుడు, మూత్రంలో మంట ఉన్నప్పుడు, నెలసరి రోజుల్లో ఆల్బుమిన్ ఎక్కువ చూపిస్తుంది. ఒక్కసారి ఎక్కువ వస్తే అదే తీర్పు కాదు, మళ్లీ చేయించాలి. వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించుకోండి. ఒక ల్యాబు అంకెను ఇంకో ల్యాబు అంకెతో పోల్చితే చిన్న తేడాలు వస్తాయి. కంగారు పడవలసింది ఆ తేడాలకు కాదు, ఏటేటా ఒకే దిక్కుకు నడిచే అంకెకు.

ఒక సోదరుడి ఫైలు

పేరు చెప్పం, అక్కర్లేదు. టవల్ సాంచెల మీద ఇరవై ఏళ్లకు పైగా పనిచేసిన మనిషి. షుగరు వచ్చి పదేళ్లు దాటింది. నెలనెలా పరగడుపు షుగరు మాత్రం చూపించుకునేవాడు. క్రియాటినిన్ మూడుసార్లు చేశారు. నలభై ఏడో ఏట 0.9, తర్వాత 1.1, యాభై రెండో ఏట 1.3. మూడు కాగితాలూ మూడు చోట్లవి. మూడింటి మీదా అంకె నార్మల్ గీతలోపలే ఉంది. మూత్రంలో ఆల్బుమిన్ ఒక్కసారీ చూడలేదు. ఆ మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి ఈ-జీఎఫ్ఆర్ లెక్క కడితే మొదటిది 106, చివరిది 66. అయిదేళ్లలో మూడో వంతు కంటే ఎక్కువ పోయింది. పోయిందని ఆ మనిషికి ఎవరూ చెప్పలేదు.

నిలబడి నిలబడి మోకాళ్ల నొప్పులు. రోజూ మెడికల్ షాపులో నొప్పి మాత్ర కొని వేసుకునేవాడు. ఒక మే నెలలో విరేచనాలు పట్టుకున్నాయి. పాళీ మానితే పగారు కోత పడుతుందని పనికి వచ్చాడు. షెడ్డులో పడిపోయాడు. ఆస్పత్రిలో క్రియాటినిన్ 6 దాటింది. అప్పటికి కొంత తగ్గింది గానీ కిడ్నీ పూర్తిగా కోలుకోలేదు. రెండేళ్లలో డయాలిసిస్ మొదలైంది.

ఈఎస్ఐ కార్డు తీసి చూపిస్తే కార్డు నడవదన్నారు. పగారులోంచి అతని వాటా కోసిన యజమాని ఆ డబ్బు నెలల తరబడి కట్టలేదు. ఇంటావిడ పుస్తె తప్ప మిగతా బంగారం అమ్మింది. యూనియన్ తరఫున ఫిర్యాదు పెట్టి, తిరిగి తిరిగి, బకాయి కట్టించాం. కానీ పోయిన నెలలు పోయినట్టే, పోయిన కిడ్నీ పోయినట్టే. ఈ ఒక్క ఫైలులో మనం నేర్చుకోవలసినవన్నీ ఉన్నాయి.

అంకె పెరిగితే ఏం చేయాలి?

మొదటిది నొప్పి మాత్రలు. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్, ఏ పేరుతో అమ్మినా ఇవన్నీ కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఒంట్లో నీళ్లు తగ్గి, బీపీ మాత్రలు కూడా నడుస్తున్నప్పుడు ఇవి వేసుకుంటే కిడ్నీ కొద్దిరోజుల్లోనే కూలవచ్చు. షుగరున్నవారు డాక్టరు రాయకుండా వీటి జోలికి పోవద్దు. కిడ్నీ శుభ్రం చేస్తామని అమ్మే పేరులేని పొడులు, భస్మాలు కూడా వద్దు. వాటిలో ఏముందో అమ్మేవాడికే తెలియదు.

రెండోది బీపీ. 130 కింద 80 దగ్గర ఉంచాలి. ఉప్పు రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, అన్నీ కలిపి. మన డబ్బాలో పచ్చడి, అప్పడం, షేంగా చట్నీ ఉంటే ఆ చెంచాడు మధ్యాహ్నానికే దాటుతుంది. బీడీ, సిగరెట్టు, తంబాకు మానాలి.

మూడోది మందులు. లోసార్టన్, టెల్మిసార్టన్, రామిప్రిల్ వంటి బీపీ మాత్రలు జల్లెడ మీద ఒత్తిడి తగ్గిస్తాయి. షుగరు కిడ్నీకి లోసార్టన్ మేలు చేస్తుందని 2001లోనే పెద్ద పరిశోధన తేల్చింది. ఇవి మొదలుపెట్టిన కొత్తలో క్రియాటినిన్ కొద్దిగా పెరగవచ్చు. 30 శాతం లోపు పెరుగుదలను సాధారణంగా ఒప్పుకుంటారు. అది చూసి భయపడి సొంతంగా మానేయకండి. ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూపించి డాక్టరునే అడగండి.

ఇంకో మంచి వార్త ఉంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు షుగరుతో పాటు కిడ్నీని, గుండెను కూడా కాపాడతాయని 2019 నుంచి వచ్చిన పరిశోధనలు చూపించాయి. మొదట్లో ఇవి మనవంటివారికి అందే ధరలో లేవు. 2020లో డాపాగ్లిఫ్లోజిన్‌కు, 2025లో ఎంపాగ్లిఫ్లోజిన్‌కు మన దేశంలో పేటెంటు తీరింది. అనేక కంపెనీలు తయారుచేయడంతో ధర బాగా దిగింది. "ఈ మాత్ర మాకు పనికొస్తుందా?" అని డాక్టరును అడగండి. అడగడం తప్పు కాదు. వాడేవారు వాంతులు, విరేచనాలు, గట్టి ఉపవాసం ఉన్న రోజుల్లో ఆపాలా అన్నది ముందే తెలుసుకోవాలి. మెట్‌ఫార్మిన్ వాడేవారికి ఈ-జీఎఫ్ఆర్ 45 కంటే తగ్గితే మోతాదు చూసుకోవాలి, 30 కంటే తగ్గితే ఆపుతారు. చూశారా, మాత్ర మోతాదు కూడా ఆ అంకె మీదే ఆధారపడి ఉంది. అంకె తెలియకుండా పాత చీటీ మీదే ఏళ్ల తరబడి మందు కొనడం ప్రమాదం.

షెడ్డు మాట

ఇదంతా కార్మికుడు ఇంట్లో చేసుకునే పని. ఇక యజమాని చేయవలసిన పని ఉంది. సోలాపూర్ ఎండ మీకు తెలుసు. ఏప్రిల్, మేలలో బయట 40 డిగ్రీలు దాటితే రేకుల షెడ్డులో ఎంత ఉంటుందో సాంచె మీద నిలబడినవారికే తెలుసు. చెమట కారిపోతుంటే కిడ్నీకి నీళ్లు అందవు. నాలుగు సాంచెలు చూసేవాడు నీళ్లకు పోతే మాట పడుతుంది. అక్కచెల్లెళ్ల సంగతి మరీ ఘోరం. సరైన మరుగుదొడ్డి లేక, పోవలసి వస్తుందని నీళ్లే తాగరు. పాళీ అంతా బిగబడతారు. మూత్రంలో మంట, ఇన్ఫెక్షను అక్కడి నుంచే మొదలు. తాగునీరు, మరుగుదొడ్డి దయ మీద ఇచ్చేవి కావు. అవి చట్టం ప్రకారం మన హక్కు. అయితే కిడ్నీ ఇప్పటికే బాగా దెబ్బతిని వాపులున్నవారు నీళ్లు ఎంత తాగాలో డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే తాగాలి.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో ఎన్నో అంశాల మీద కార్మిక సంఘాలకు గట్టి అభ్యంతరాలున్నాయి. ఆ పోరాటం వేరు. కానీ నలభై ఏళ్లు దాటిన కార్మికులకు యజమాని ఖర్చుతో ఏటా ఆరోగ్య పరీక్ష చేయించాలని ప్రభుత్వమే ప్రకటించింది. ఆ మాట పట్టుకుని మనం అడగాలి. బరువు, బీపీ చూసి సంతకం పెట్టించుకునే పరీక్ష మనకొద్దు. షుగరు, ఈ-జీఎఫ్ఆర్, మూత్రంలో ఆల్బుమిన్ ఆ జాబితాలో ఉండాలి. కాగితం నకలు కార్మికుడి చేతికి రావాలి. అంకె బాగాలేదని పనిలోంచి తీసేస్తే ఊరుకునేది లేదు.

ఈఎస్ఐ సంగతి కూడా వినండి. జబ్బు సెలవుకు ఏడాదిలో 91 రోజుల దాకా పగారులో 70 శాతం వస్తుంది. దీర్ఘకాలిక జబ్బుల జాబితా ఒకటి వేరుగా ఉంది. అందులో షుగరు వల్ల దెబ్బతిన్న కిడ్నీ కూడా ఉంది. సర్వీసు, చందా షరతులు నిండినవారికి 80 శాతం చొప్పున గరిష్ఠంగా రెండేళ్ల దాకా ఇస్తారు. కానీ చందా కట్టి ఉంటేనే ఇవన్నీ సాఫీగా సాగుతాయి. మీ నంబరుతో ఈఎస్ఐ వెబ్‌సైటులో చూస్తే ఏ నెల కట్టారో, ఏ నెల కట్టలేదో తెలుస్తుంది. చూడడం రాకపోతే ఆఫీసుకు రండి, లేదా ఇంట్లో చదువుకున్న పిల్లలచేత చూపించుకోండి. జబ్బు వచ్చాక కాదు, ఇప్పుడే. డయాలిసిస్ వరకు వెళ్లిన పేదవారికి ప్రధానమంత్రి జాతీయ డయాలిసిస్ కార్యక్రమం 2016 నుంచి ఉంది, దాని కింద జిల్లా ఆస్పత్రుల్లో ఉచితంగా చేస్తారు. ఆ అవసరం రాకుండా చూసుకోవడమే మన పని.

మన ముందున్న కార్యక్రమం

ఈ సమావేశం ముందు కార్యవర్గం మూడు తీర్మానాలు పెడుతోంది.

ఒకటి, ఏటా ఆరోగ్య పరీక్షలో పైన చెప్పిన పరీక్షలు చేర్చాలని ప్రతి యజమానికీ రాతపూర్వకంగా డిమాండ్ పత్రం ఇవ్వాలి.

రెండు, ప్రతి షెడ్డులో చల్లని తాగునీరు, ఆడవారికి వేరే మరుగుదొడ్డి, వేసవిలో నీళ్ల విరామం. ఇవి వచ్చే ఒప్పందంలో పగారుతో సమానంగా పెట్టాలి.

మూడు, ప్రతి షెడ్డు నుంచి ఒక అన్న, ఒక అక్క బాధ్యత తీసుకుని షుగరున్న సభ్యుల పట్టిక తయారుచేయాలి. ఇష్టమున్నవారి పేర్లే రాయాలి. ఆ పట్టిక యజమాని చేతికి పోకూడదు. ఏడాదికి ఒకసారి "పరీక్ష అయిందా?" అని అడగడమే వారి పని.

ఇక మీలో ఒక్కొక్కరికీ ఒక పని. ఇంటికి వెళ్లి పెట్టెలోనో, దేవుడి పటం వెనకో ఉన్న పాత రిపోర్టులు తీయండి. తేదీల ప్రకారం పేర్చండి. క్రియాటినిన్ ఎక్కడెక్కడ రాసి ఉందో దాని కింద గీత గీయండి. ఒక పాత నోటు పుస్తకంలో నాలుగు గడులు కొట్టండి: తేదీ, క్రియాటినిన్, ఈ-జీఎఫ్ఆర్, మూత్రంలో ఆల్బుమిన్. కింద బీపీ రాసుకోండి. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఆ పుస్తకం ముందు పెట్టండి. పది మంది రోగులు వరుసలో ఉన్న డాక్టరుకు మన పాత సంగతులు అడిగే తీరిక ఉండదు. పుస్తకం ఉంటే ఒక్క చూపులో అంకె ఏ దిక్కుకు పోతోందో తెలుస్తుంది. నాలుగో గడి ఖాళీగా ఉంటే, అది ఈ నెలలోనే నింపవలసిన గడి.

పుస్తకంలో గడులు కొట్టడం రానివారు ఆదివారం పొద్దున ఆఫీసుకు రండి, కాగితాలు వెంట తెచ్చుకోండి. కూర్చుని రాసిపెడతాం.

తీర్మానాలను చేతులెత్తి ఆమోదించవలసిందిగా కోరుతున్నాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!